భానుపురి ఎండ - సాగరపు నీరు

సూర్యాపేటకు భానుపురి అను నామాంతరము కలదు. పేరు ఏదైనను అర్థము ఒక్కటే, రెండును సూర్యునివే. చైత్ర వైశాఖములలో 65వ జాతీయ రహదారిపై హైదరాబాదు నుండి విజయవాడకు పోవు ప్రయాణికులకు ఆ పేరు ఎంత సార్థకమో వేరుగ చెప్పనక్కరలేదు. అదే దారిని ముందుకు సాగినచో కోదాడ. దక్షిణముగా మరలినచో మిర్యాలగూడ. ఈ మూడు పట్టణములును ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో సూర్యాపేట జిల్లా కేంద్రమైనది. కోదాడ దానిలో చేరినది. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది.

ఈ త్రికోణములో ఒక విశేషము కలదు. దేశము నేడు ఎదుర్కొనుచున్న ఒక పెద్ద చిక్కునకు సంబంధించిన వస్తువులన్నియు, ఎవరో ప్రదర్శనకు అమర్చినట్లు, ఇచ్చట ఒక్కచోటనే కనబడును. ఎండ కలదు. కృష్ణానది నీరు కలదు. దామరచర్ల వద్ద బొగ్గుతో నడచు మహావిద్యుత్కేంద్రము కలదు. పొలములలో వేలాది బోరు మోటార్లు కలవు. మిర్యాలగూడ బియ్యపు మిల్లులు, మేళ్ళచెరువు, మఠంపల్లి ప్రాంతపు సిమెంటు కర్మాగారములు కలవు. చిక్కు ఏమనగా: ఎండయు గాలియు తమకు వీలైనపుడు విద్యుత్తు నిచ్చును, మనుష్యులు తమకు కావలసినపుడు వాడుకొందురు. ఈ రెండు వేళలను కలుపుట ఎట్లు?

తీగలో నిల్వ లేదు

మిర్యాలగూడ మిల్లులో ఆడిన బియ్యము గిడ్డంగిలో ఆరు నెలలు ఉండగలదు. ధర వచ్చువరకు వర్తకుడు ఓపిక పట్టగలడు. విద్యుత్తునకు అట్టి వీలు లేదు. తీగ గిడ్డంగి కాదు. కోదాడలో ఒక విద్యార్థి పంకా మీట నొక్కిన క్షణముననే ఎక్కడనో ఒక విద్యుత్కేంద్రము ఆ మేరకు ఎక్కువ భారమును మోయవలెను. ఆర్పిన క్షణముననే ఆ భారము దిగవలెను. ఉత్పత్తియు వాడకమును ప్రతి నిమిషమున సరితూగుచుండుటయే విద్యుద్వ్యవస్థకు ప్రాణము.

ఈ తూకమును తెలుపు ముల్లు ఒకటి కలదు. తీగలలో ప్రవహించు విద్యుత్తు దిశ మార్చుకొను వేగము, అనగా పౌనఃపున్యము, మన దేశమున సెకనుకు 50 ఆవృత్తులు. వాడకము ఉత్పత్తిని మించినచో ఈ అంకె తగ్గును. ఉత్పత్తి మించినచో పెరుగును. 49.90కి దిగువకు గాని, 50.05కు ఎగువకు గాని పోకుండ చూచుకొనవలెనని నియమము. అంత చిన్న కట్టుబాటులో ఇంత పెద్ద దేశము నడచుచున్నది.

కట్టుబాటు తప్పినచో ఏమగునో 2012 జూలై 30, 31 తేదీలలో దేశము చూచినది. రెండవనాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతముల గ్రిడ్‌లు కుప్పకూలినవి. 60 కోట్లకు పైబడిన జనులు నివసించు ప్రాంతములు అంధకారమున పడినవి. రైళ్లు నడిదారిని నిలిచినవి. గనులలోని కార్మికులు లోపలనే చిక్కుకొనిరి. దక్షిణ దేశము మాత్రము ఆనాడు తప్పించుకొన్నది. కారణము జాగరూకత కాదు. అప్పటికి దక్షిణ గ్రిడ్ తక్కిన దేశముతో ఒకే లయలో కలియకుండుటయే. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపురముల మధ్య 765 కిలోవోల్టుల తీగ ఈ రెంటిని కలిపినది. నాటి నుండి కాశ్మీరమునకును కన్యాకుమారికిని లయ ఒక్కటే. ఒకచోట కొరత వచ్చినచో మరియొకచోటి మిగులు ఆదుకొనును. ఒకచోటి పొరపాటు అందరికిని తగులును. ఉమ్మడి కుటుంబమునందలి సుఖమును కష్టమును ఇందును కలవు.

నీరటి పని

తెలంగాణ పల్లెలలో చెరువు నీటిని పంచువానిని నీరటి అందురు. ఏ మడికి ఎంత నీరు, ఏ జామున తూము ఎత్తవలెను, ఎప్పుడు దించవలెను అన్నది అతని ఎరుక. విద్యుత్తునకును అట్టి నీరట్లు కలరు. హైదరాబాదులో రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రము, బెంగుళూరులో దక్షిణ ప్రాంతపు కేంద్రము, ఢిల్లీలో జాతీయ కేంద్రము ఈ పని చేయుచున్నవి. దినమును పదునైదేసి నిమిషముల చొప్పున 96 భాగములు చేసి, ప్రతి భాగమునకును ఎవరెంత ఉత్పత్తి చేయవలెనో, ఎవరెంత తీసికొనవలెనో ముందునాడే లెక్క వేయుదురు. తరువాత ఆ లెక్క తప్పినంత మేర ఎప్పటికప్పుడు దిద్దుకొందురు.

పూర్వము ఈ నీరటికి ఒక్క వైపుననే సందేహము: జనులు ఎంత వాడుదురు? ఉత్పత్తి అతని చేతిలోనిదే. బొగ్గు ఎక్కువ వేయించవచ్చును, తక్కువ వేయించవచ్చును. ఇప్పుడు సందేహము రెండు వైపుల కలిగినది. సూర్యుడు ఉదయము ఏడు గంటలకు మెల్లగా ప్రారంభించి, మధ్యాహ్నమున శిఖరమునకు చేరి, సాయంకాలము ఆరు గంటలకు తప్పుకొనును. సరిగా అదే వేళకు ఇండ్లలో దీపములు వెలుగును, వంటగదులలో పని మొదలగును, దుకాణములు కళకళలాడును. ఎండ విద్యుత్తు దిగిపోవుటయు, వాడకము పైకి లేచుటయు ఒక్కసారి జరుగుట వలన, ఆ రెండు మూడు గంటలలో తక్కిన విద్యుత్కేంద్రములు నిటారుగా కొండ ఎక్కవలసి వచ్చుచున్నది.

గాలి నడవడి మరియొక విధము. అది గంటల కంటె ఋతువులను ఎక్కువగా పాటించును. నైరుతి పవనములు వీచు జ్యేష్ఠ ఆషాఢములలో శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి కొండలపై గాలిమరలు రాత్రింబవళ్లు తిరుగును. చలికాలమున అనేక దినములు అవి నిద్రించును. ఆంధ్రప్రదేశమున గాలిమరల స్థాపిత సామర్థ్యము సుమారు 4 వేల మెగావాట్లు. తెలంగాణలో అది 128 మెగావాట్లు మాత్రమే. కావున తెలంగాణకు ఎండయే ప్రధానము. గాలి పొరుగు రాష్ట్రముల నుండి తీగల వెంట రావలసినదే. రాష్ట్రములో ఎండ విద్యుత్తు సామర్థ్యము 2025 నాటికి సుమారు 5 వేల మెగావాట్లకు చేరినది.

ఇచ్చట విద్యార్థులు ఒక భేదమును గుర్తించుట మంచిది. సామర్థ్యము వేరు, పంట వేరు. ఒక మెగావాటు యంత్రము రేయింబవళ్లు నిండుగా నడచినచో దినమునకు 24 వేల యూనిట్లు ఇచ్చును. అదే ఒక మెగావాటు సౌరఫలకములు మన ప్రాంతమున దినమునకు సగటున 4,500 నుండి 5 వేల యూనిట్లు మాత్రమే ఇచ్చును. రాత్రి లేదు, మబ్బు కలదు, ఉదయ సాయంకాలముల ఎండ పలుచన. 2025 జనవరిలో దేశపు సౌర సామర్థ్యము లక్ష మెగావాట్లను దాటినదని విన్నపుడు సంతోషింపవలసినదే. అది లక్ష మెగావాట్ల బొగ్గు కేంద్రములకు సమానమని మాత్రము భావింపరాదు.

రైతు గడియారము

ఈ సమస్యకు తొలి పరిష్కారము యంత్రములలో లేదు; గడియారములో కలదు. అది నల్లగొండ, సూర్యాపేట జిల్లాల రైతులకు బాగుగా తెలిసిన విషయము.

పూర్వము వ్యవసాయమునకు కరెంటు రోజుకు కొద్ది గంటలే, అదియు విడతలుగా వచ్చుచుండెడిది. ఒక విడత తరచుగా రాత్రివేళ పడెడిది. రైతు చేతిదీపము పట్టుకొని, నిద్ర మాని, గట్ల వెంట పోయి మోటారు పెట్టవలెను. పాము కాటునకును, తడి చేతికి తగిలిన తీగకును ఎన్ని ఇండ్లు దీపము కోల్పోయినవో పల్లెలకు తెలియును. 2017లో పాత మెదకు, కరీంనగరు, నల్లగొండ జిల్లాలలో 24 గంటల సరఫరాను ప్రయోగాత్మకముగా మొదలిడి, 2018 జనవరి 1 నుండి తెలంగాణ రాష్ట్రమంతటికిని విస్తరించిరి. సుమారు 23 లక్షల మోటార్లకు అది వర్తించినది.

ఆ మార్పుతో మరియొక విషయము బయటపడినది. కరెంటు రాగానే తనంత తానే మోటారు నడచునట్లు రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకొనియుండిరి. విడతల కాలమున అవి నిద్రను కాపాడినవి. 24 గంటల కరెంటు వచ్చిన పిదప అవే ఆటో స్టార్టర్లు అవసరము లేకున్నను నీటిని తోడసాగినవి. భూగర్భజలము అడుగంటునను భయము కలిగినది. వాటిని తొలగించుడని ప్రభుత్వము ఊరూర చెప్పవలసి వచ్చినది. ఉచితముగా వచ్చు విద్యుత్తునకు ధర లేకపోవచ్చును గాని, అది తోడు నీటికి ధర కలదు.

ఇప్పుడు లెక్క చూడవచ్చును. ఐదు గుర్రముల శక్తి గల మోటారు సుమారు 3.73 కిలోవాట్ల విద్యుత్తును వాడును. అట్టివి లక్ష మోటార్లు రాత్రి నుండి మధ్యాహ్నమునకు మారినచో 373 మెగావాట్ల భారము చీకటి నుండి ఎండలోనికి వచ్చును. ఇందుకు ఆనకట్ట అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు. మడిలో నిలిచిన నీరే నిల్వ. యాసంగి వరి నాట్లు పడి పొలములు నీరు త్రాగు ఫాల్గుణ చైత్రములలోనే రాష్ట్రమున వాడకము శిఖరమునకు చేరును. 2025 మార్చిలో అది 17 వేల మెగావాట్లను మించినది. ఆ మాసములలోనే ఎండయు దండిగా కాయును. ప్రకృతి ఈ రెంటిని దగ్గరగనే పెట్టినది.

అయితే రైతు పక్షమున ఒక మాట కలదు. "పగలే వాడుకొనుము" అన్న సలహా రేపు "పగలు మాత్రమే ఇత్తుము" అన్న ఆజ్ఞగా మారునేమోయని అతని శంక. కాలువ చివరి భూములవానికి, బోరులో నీరు ఊరుటకు గంటలు పట్టువానికి, వేళ తన చేతిలో ఉండుటయే ఒక ఆస్తి. గ్రిడ్ సౌకర్యమునకై ఆ ఆస్తిని అడుగువారు, పగటి సరఫరా ఏ ఆటంకము లేకుండ నిండు వోల్టేజితో వచ్చునని ముందుగా నమ్మకము కలిగింపవలెను. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కుసుమ్ పథకము పొలముల మోటార్లను, వాటికి కరెంటునిచ్చు ఫీడర్లను సౌరఫలకములతో నడుపుటకు ఉద్దేశింపబడినది. సబ్‌స్టేషను ప్రక్కనే ఫలకములుండి, వాటి విద్యుత్తు అచ్చటి పొలములకే పోయినచో, దూరపు తీగల నష్టమును తగ్గును.

వెనుకకు తిరుగు యంత్రములు

రెండవ పరిష్కారము మిర్యాలగూడకు నైరుతి దిశన కలదు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిన నాటి నుండి అన్నదాతగనే ప్రసిద్ధము. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములను పచ్చ చేసినది. మిర్యాలగూడ మిల్లులు ఆ పచ్చదనపు సంతానమే. కాని ఆ ఆనకట్ట పాదమున గల విద్యుత్కేంద్రమునకు మరియొక గుణము కలదు. 1978 - 1985 సంవత్సరముల మధ్య నెలకొల్పిన దాని యంత్రములు ఎనిమిది. మొదటిది 110 మెగావాట్లది, సామాన్యమైనది. తక్కిన ఏడును ఒక్కొక్కటి 100.8 మెగావాట్లవి, ఇవి వెనుకకును తిరుగగలవు.

నీరు పైనుండి పడునపుడు ఈ యంత్రములు విద్యుత్తు నిచ్చును. విద్యుత్తు నిచ్చి తిప్పినచో, అవే పంపులై దిగువ నీటిని తిరిగి జలాశయములోనికి తోడును. అనగా మధ్యాహ్నపు మిగులు విద్యుత్తుతో నీటిని ఎత్తిపెట్టి, సాయంకాలము అదే నీటిని దింపి దీపములు వెలిగింపవచ్చును. ఈ యంత్రములను తలపెట్టిన దినములలో సౌరఫలకములు మన దేశపు గ్రిడ్‌లో లేవు. రాత్రివేళ బొగ్గు కేంద్రముల మిగులును వాడుకొనుటయే నాటి ఊహ. రాత్రి కొరకు చేసిన యంత్రము ఇప్పుడు పగటికి అక్కరకు వచ్చుచున్నది.

బడిలో నల్లబల్లపై చేయదగిన లెక్క ఇది. సాగరమునకును దిగువ నీటికిని మధ్య ఎత్తు సుమారు 100 మీటర్లు అనుకొనుడు. వేయి లీటర్ల నీరు అంత ఎత్తు నుండి పడినచో లభించు శక్తి 0.27 యూనిటు. నష్టములు పోగా ఒక్క యూనిటునకు సుమారు 4 వేల లీటర్లు కావలెను. ఒక టి.ఎం.సి. నీరు పడినచో దాదాపు 70 లక్షల యూనిట్లు. ఏడు యంత్రములును సాయంకాలము నాలుగు గంటలు నిండుగా నడచినచో 28 లక్షల యూనిట్లు; అందుకు నీరు 0.4 టి.ఎం.సి. ఆ నీటిని మరల పైకి తోడుటకు పగటివేళ సుమారు 38 లక్షల యూనిట్లు ఖర్చగును. నూరు పెట్టిన డెబ్బదియైదు తిరిగి వచ్చునట్టి వ్యాపారము! వర్తకుడు నవ్వవచ్చును. కాని మధ్యాహ్నము పారవేయవలసిన నూరు కంటె సాయంకాలము చేతికి వచ్చు డెబ్బదియైదు మేలు.

నీటి యంత్రముల చురుకుదనము ఎట్టిదో 2020 ఏప్రిల్ 5న తెలిసినది. ఆ రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషములు దీపములు ఆర్పవలెనని ప్రధానమంత్రి పిలుపునిచ్చిరి. దేశమున వాడకము కొద్ది నిమిషములలో 31 వేల మెగావాట్లు తగ్గి, మరల పెరిగినది. ఆ ఊపును కాచినవి ప్రధానముగా జలవిద్యుత్కేంద్రములే. ముందుగా వాటిని 25 వేల మెగావాట్లకు పైగా నడిపి, ఆ వేళకు 8 వేలకు దింపి, తిరిగి ఎత్తిరి. పౌనఃపున్యము 49.70కిని 50.26కును మధ్య ఊగినది గాని తెగలేదు. మబ్బు పట్టినపుడును, ప్రొద్దు గ్రుంకినపుడును గ్రిడ్‌నకు కావలసినది ఈ చురుకుదనమే.

నీరు ఎవరిది?

తోడుటకు దిగువన నీరు నిలిచియుండవలెను. నది పారిపోయిన పిదప పంపు ఏమి చేయును? ఆ కొరతను తీర్చుటకే సాగరమునకు దిగువన, సత్రశాల వద్ద, మరియొక ఆనకట్ట కట్టిరి. దీనిని టెయిల్ పాండ్ అందురు. సాగరపు యంత్రములు తెలంగాణ చేతిలో ఉన్నవి. ఈ దిగువ కొలను ఆంధ్రప్రదేశపు సంస్థ చేతిలో ఉన్నది. కావున ఒక్క చక్రభ్రమణమునకు రెండు రాష్ట్రముల సమ్మతి కావలెను.

సమ్మతి సులభము కాదు. 2021 వేసవి చివర తెలంగాణ శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతలలలో నిండుగా విద్యుదుత్పత్తి చేయ పూనుకొన్నపుడు, సాగునకు కావలసిన నీరు అకాలమున దిగువకు పోవుచున్నదని ఆంధ్రప్రదేశము అభ్యంతరము చెప్పినది. వివాదము సుప్రీంకోర్టు వరకు పోయినది. 2023 నవంబరు చివర సాగరము ఆనకట్ట మీదనే ఇరు రాష్ట్రముల పోలీసులు ఎదురుబొదురుగా నిలిచిరి; పిదప కేంద్ర బలగములు కాపలాకు వచ్చినవి. 2014లో ఏర్పడిన కృష్ణానదీ యాజమాన్య మండలి ఎదుట ఈ తగవులు నేటికిని ఉన్నవి.

ఈ తగవులో ఒక భేదమును గమనింపవలెను. విద్యుత్తు కొరకు దిగువకు వదలిన నీరు తిరిగి రాదు. అది నిజముగా పంటతో పోటీ పడును. తోడి దింపు నీరు మాత్రము ఎగువ దిగువల మధ్య తిరుగుచుండును; ఆవిరియై పోవునది తప్ప వ్యయము లేదు. ఏతామునకు కట్టిన బాన వలె అది దిగును, ఎక్కును. రెండవ పద్ధతిలో రైతునకు నష్టము లేదు. అయినను రెండు పద్ధతులకును యంత్రము ఒక్కటే కావున, దేనికి తిప్పుచున్నారో అన్న అనుమానము ఇరుగు పొరుగుల మధ్య పుట్టుచున్నది. నీటి లెక్కలు ఇరు ప్రక్కల వారికిని గంట గంటకు కనబడునట్లు ఉండుట, యంత్రముల కంటె ముందు కావలసిన పరికరము.

సూర్యాపేట జిల్లా అంచున పులిచింతల కలదు. కేంద్రములో నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రిగ పనిచేసిన ప్రసిద్ధ ఇంజనీరు డాక్టరు కానూరి లక్ష్మణరావు పేరు దానికి పెట్టిరి. ఎడమగట్టున తెలంగాణ విద్యుత్కేంద్రము, నాలుగు యంత్రములతో 120 మెగావాట్లది. ఎగువ శ్రీశైలము ఎడమగట్టున భూగర్భమున ఆరు తిరుగుడు యంత్రములు, మొత్తము 900 మెగావాట్లు కలవు. అచ్చట 2020 ఆగస్టులో జరిగిన అగ్నిప్రమాదములో తొమ్మండుగురు ప్రాణములు కోల్పోయిరి. నిల్వ అన్నది కాగితముపై గీత కాదు. దానికి కావలి కాయు మనుష్యులు కలరు.

బొగ్గు, ఊక, సిమెంటు

మిర్యాలగూడకు దక్షిణమున, దామరచర్ల మండలము వీర్లపాలెము వద్ద యాదాద్రి థర్మల్ కేంద్రము లేచినది. 2015లో శంకుస్థాపన; 800 మెగావాట్లవి ఐదు యూనిట్లు, మొత్తము 4 వేల మెగావాట్లు. 2024 డిసెంబరులో మొదటగా ఒక యూనిటును జాతికి అంకితము చేసిరి. ఎండ కాలము వచ్చుచుండగా బొగ్గు కేంద్రమేల అని కొందరు ప్రశ్నింతురు. రాత్రి పది గంటలకు, గాలి లేని మాఘమాసములో, సాగరము అడుగంటిన ఏడు, ఏది దిక్కు అని మరికొందరు ప్రశ్నింతురు. రెండును న్యాయమైన ప్రశ్నలే.

బొగ్గు యంత్రము ఏనుగు వంటిది. పండుకొన్నచో లేచుటకు చాల సమయము పట్టును. చల్లారిన బాయిలరును మరల నడుపుటకు అనేక గంటలు కావలెను. కావున మధ్యాహ్నము ఆపి సాయంకాలము నడుపుట కుదరదు, తగ్గించి నడుపవలెను. ఎంత తగ్గింపవచ్చును? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నియమములు చేసి, తొలుత 55 శాతము వరకు, తరువాత క్రమముగా 40 శాతము వరకు దిగగల శక్తి కేంద్రములకు ఉండవలెనన్నది. దిగుచు ఎక్కుచు నడుచుట వలన గొట్టములు త్వరగా అరుగును, యూనిటునకు బొగ్గు ఎక్కువ పట్టును. ఎండ చౌకయే, దానికి చోటిచ్చుట మాత్రము చౌక కాదు. ఆ ఖర్చు చివరకు ఎవరి బిల్లులో చేరవలెనన్నది నేటి వాదములలో ముఖ్యమైనది.

ఏనుగునకు మరియొక ఉపయోగము కలదు. దాని చక్రము నిమిషమునకు 3 వేల మార్లు తిరుగుచుండును. కుమ్మరి సారెను తిప్పి వదలినను అది కొంతసేపు తిరుగునట్లు, ఎక్కడనైన ఒక కేంద్రము హఠాత్తుగా ఆగినపుడు ఈ బరువైన చక్రముల జోరు కొన్ని క్షణములు గ్రిడ్‌ను నిలబెట్టును. ఆ క్షణములలో తక్కిన యంత్రములు సర్దుకొనును. సౌరఫలకములో తిరుగునది ఏదియు లేదు. అందుచేత ఎండ వాటా పెరిగిన కొలది, ఆ క్షణములను కాచుటకు బ్యాటరీలు, మెలకువగా స్పందించు ఇన్వర్టర్లు కావలసి వచ్చుచున్నవి.

వాడువారి వైపునను కొంత పని కలదు. మిర్యాలగూడ ఉప్పుడు బియ్యపు మిల్లులు తమ ఊకనే బాయిలరులో మండించి ఆవిరి చేసికొనును. కాని మర ఆడుటకు కరెంటే కావలెను. సిమెంటు బట్టీ రేయింబవళ్లు ఆరకూడదు. క్లింకరును పొడిచేయు మర మాత్రము వేళ మార్చుకొనగలదు. వేళను బట్టి ధర ఉన్నచో యజమాని తానే గడియారము చూచును. పగటి ఎండవేళ ధర తక్కువగను, సాయంకాలపు రద్దీవేళ ఎక్కువగను ఉండవలెనని 2023లో కేంద్రము నియమములను సవరించినది. దానిని ఆచరణలోనికి తెచ్చుట రాష్ట్రముల నియంత్రణ మండలుల పని.

ఇంటి కప్పు

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము కోటి ఇండ్ల కప్పులపై సౌరఫలకములను కోరుచున్నది. 3 కిలోవాట్ల ఏర్పాటునకు 78 వేల రూపాయల సహాయము లభించును. సూర్యాపేట డాబాలపై వడియములు ఎండబెట్టు చోటనే కరెంటు పండవచ్చునన్న మాట.

ఇచ్చటను చిన్న చిక్కులు కలవు. వీధిలో ఇండ్లన్నియు మధ్యాహ్నము ఒక్కసారి కరెంటును వెనుకకు పంపినచో, ఒక వైపు ప్రవాహమునకే ఏర్పరచిన వీధి ట్రాన్స్‌ఫార్మరు వద్ద వోల్టేజి పెరుగును. మరియొకటి ప్రాణములకు సంబంధించినది. లైన్‌మన్ సరఫరా నిలిపి స్తంభమెక్కినపుడు, ఎవరి కప్పు నుండియో తీగలోనికి కరెంటు వచ్చినచో అతని గతి ఏమి? అందువలననే వీధిలో కరెంటు పోగానే ఇంటి ఇన్వర్టరు తీగలోనికి పంపుట తనంత తానే మానవలెనని నియమము. "కప్పు మీద ఎండ ఉండగా ఇంటిలో కరెంటు ఏల పోయినది?" అని పిల్లలు అడిగినపుడు ఉపాధ్యాయులు చెప్పదగిన సమాధానము ఇదే: స్తంభము మీది మనిషి కొరకు.

వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు మొదలు రాయచూరు తీగ వరకు అంతటను సూత్రము ఒక్కటే. ఎండను పట్టుట నేర్చినంత వేగముగా, ఎండకు తగిన వేళను, చోటును, ఒప్పందమును ఏర్పరచుట నేర్వవలెను. ఈ విద్య ఈ నేలకు కొత్తది కాదు. సూర్యాపేట ప్రక్కనే పిల్లలమర్రి కలదు. 13వ శతాబ్దపు తొలినాళ్ల రేచర్లవారి శివాలయములను చూచుటకు బడిపిల్లలు అచ్చటకు పోవుచుందురు. ఆనాటివారు గుడితోపాటు చెరువును త్రవ్వించిరి. వాన నాలుగు నెలలదే. ఆకలి పండ్రెండు నెలలది. ఆ ఎడమును పూడ్చుటకు కట్టయు, తూమును, నీరు పంచు నీరటియు, అతని మాటకు కట్టుబడు ఊరును కావలసి వచ్చినవి. నేటి ఎడము పగటికిని రాత్రికిని మధ్య ఉన్నది. కట్టలు సాగరము వద్ద సిద్ధముగనే ఉన్నవి, తూములు యంత్రశాలలలో ఉన్నవి, నీరట్లు గడియారము చూచుచునే ఉన్నారు. మాటకు కట్టుబడు ఊరు మాత్రము ఇప్పుడు ఒక గ్రామము కాదు. రెండు రాష్ట్రములు, ఒక దేశము.